టైమరుకు గోదావరి లెక్క తెలియదు

అక్కర్లేని సరుకు అంటగట్టడానికి, వద్దన్నవాడి చేత ఊఁ అనిపించడానికి ఆన్‌లైన్ అంగళ్లు తెర మీద పన్నే ఎత్తుగడలను డార్క్ ప్యాటర్న్స్ అంటారు. బ్రిటన్ డిజైనర్ హ్యారీ బ్రిగ్నల్ 2010లో వీటికి ఆ పేరు పెట్టాడు. పేరు కొత్తదే గానీ విద్య పాతది. ఏజెన్సీ సంతల్లో చింతపండు, తేనె, కుంకుడుకాయలు అమ్ముకునే గిరిజనులను దళారులు తూకంలోనూ ధరలోనూ ముంచుతుంటే, వారికి అండగా 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టాల్సి వచ్చింది. అప్పట్లో తక్కెడ పళ్లెం మీద షావుకారు బొటనవేలు నొక్కేది. ఇప్పుడు ఆ శ్రమ కూడా షావుకారుకు లేదు. కొనేవాడి బొటనవేలే ఫోను మీద నొక్కుతుంది.

కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇలాంటి 13 ఎత్తుగడలను పేరుపేరునా నిషేధించింది. అందులో ముందు చెప్పుకోవలసింది దొంగ తొందర. "రెండే మిగిలాయి", "ఇంకా 4 నిమిషాలే" అన్నవి దీని కేకలు. భద్రాచలం వాసులకు అసలైన తొందర ఎలా ఉంటుందో తెలుసు. గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు లేచింది. అంత నది కూడా అడుగు తర్వాత అడుగే పెరుగుతుంది. మిక్సీ ఆఫరు మాత్రం పుట్టడమే మూడో హెచ్చరికతో పుడుతుంది.

చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి పల్లెల్లో దీనికి విరుగుడు ఖర్చు లేకుండా దొరుకుతుంది: సిగ్నల్ పోవడం. సిగ్నల్ అందే గట్టు ఎక్కి పేజీ మళ్లీ తెరిచేసరికి పూట గడిచిపోతుంది. ఆ 4 నిమిషాలు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటాయి. సిగ్నల్ దండిగా ఉన్న ఖమ్మం వాసులు ఈ పరీక్షను పనిగట్టుకుని చేసుకోవాలి. పేజీ మూసేసి, మర్నాడు తెరిచి చూడాలి. నిజంగా కావలసిన వస్తువైతే మర్నాటికీ కావాలనే అనిపిస్తుంది.

రెండోది అడగని ఖర్చులు దూర్చడం. 499 రూపాయల చెప్పులు ఎంచుకుంటే డెలివరీకి 49, ప్యాకింగుకు 19, ఎవరూ తలపెట్టని విరాళం 10, పాదాలను రక్షించే చెప్పులకు మళ్లీ రక్షణ పథకం 35 కలిసి బిల్లు 612 అవుతుంది. పుణ్యం అమ్మేవాడిది, పది రూపాయలు కొనేవాడివి. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడిని సమ్మతిగా లెక్కించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి టిక్కులన్నీ తీసేసి, చివరి బిల్లునే బజారు ధరతో పోల్చుకోవాలి.

మూడోది దెప్పిపొడుపు. కాదనే బటను మీద "వద్దు, నాకు డబ్బు ఆదా చేయడం ఇష్టం లేదు" అని రాసి ఉంటుంది. ఇలాంటి మాటలు ప్రతి ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఉచితంగానే దొరుకుతాయి, వాటికోసం యాప్ అక్కర్లేదు. సిగ్గుపడకుండా నొక్కేయడమే మందు.

నాలుగోది చందా ఉచ్చు. "నెల రోజులు ఉచితం" అన్నచోట చేరడానికి ఒక్క నొక్కు చాలు. బయటపడే దారిలో పాపికొండల లాంచీకి కూడా తగలనన్ని మలుపులు. ఆ దారి వెతకడం మాని, యూపీఐ యాప్‌లోని ఆటోపే జాబితా తెరిచి అక్కడే రద్దు చేయవచ్చు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందే మెసేజ్ వస్తుంది. శుభాకాంక్షల వరదలో అది కొట్టుకుపోకుండా చూసుకోవాలి.

ఇన్ని జాగ్రత్తల మధ్య కూడా మోసపోతే స్క్రీన్‌షాట్లు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలి. అమ్మినవాడు బెంగళూరులో ఉన్నా, కొన్నవారు తాము ఉండేచోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. అసలు దుకాణమే నకిలీదై ఖాతాలో డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. ఆన్‌లైన్ బేరంలో కొనేవాడు నిజంగా తొందరపడాల్సిన సందర్భం ఇదొక్కటే. దీనికి మాత్రం ఏ యాప్ టైమరు పెట్టదు.