వేలువిడిచిన స్పిట్‌ఫైర్

నెల్లూరులో స్పోర్ట్స్ కారు ఎవరికుంది అని అడిగితే జనం రొయ్యల చెరువుల ఆసాముల పేర్లు చెబుతారు. నా పేరు చెప్పరు. నా దగ్గరున్నది స్టాండర్డ్ హెరాల్డ్. చూసినవాళ్లు ‘పాపం, పాతబండి’ అని జాలిపడి పోతారే తప్ప దాని వంశం అడిగే ఓపిక ఎవరికీ లేదు. అడక్కపోయినా చెప్పే ఓపిక నాకుంది.

ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ పుట్టింది. దాని ఒళ్లు గీసింది ఇటలీవాడు మిచెలోట్టి. మద్రాసు పక్కన వండలూరులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి ఆ బండినే స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో చేశారు. అసలు సంగతి ఆ మరుసటేడు జరిగింది. 1962లో ట్రయంఫ్ వాళ్లు ఈ హెరాల్డ్ ఛాసీనే పొట్టి చేసి, పైన రెండు సీట్ల ఒళ్లు తొడిగి, స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు వదిలారు. ముందు సస్పెన్షన్ మాత్రం దాదాపు ఉన్నదున్నట్టే దించేశారు. పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్, మధ్యలో కాయిల్ స్ప్రింగు, దాని కడుపులో షాకబ్జర్. అంటే ముందు చక్రాల వరకూ నాది స్పోర్ట్స్ కారే. నెల్లూరు పెళ్లిళ్లలో ఇంతకన్నా దూరపు చుట్టాలకి బొట్టుపెట్టి మరీ శుభలేఖలిస్తారు.

లోటస్ కంపెనీ పెట్టిన కాలిన్ చాప్‌మన్ అంతటివాడు కూడా తన ఎలాన్ కారు ముందు చక్రాలకి ఈ ట్రయంఫ్ సామానే కొని తగిలించుకున్నాడు. ఈ ముక్క మా మామగారికి చాలాసార్లు చెప్పాను. “చవగ్గా వచ్చుంటుందిలే అల్లుడూ” అన్నారాయన. ఆయన అంబాసిడర్ మనిషి. అంబాసిడర్‌కి ముందు కాయిల్ స్ప్రింగులు ఉండవు, ఇనప కడ్డీలు మెలితిరుగుతూ బరువు మోస్తాయి. ఆయన స్వభావం కూడా కొంచెం ఆ బాపతే. హెరాల్డ్ 25 అడుగుల వెడల్పులో గిర్రున తిరిగొస్తుంది కాబట్టి సంతపేట సందుల్లో దానికి సాటి లేదని నేనంటే, “కారు ముందుకు పోవాలి గానీ గుండ్రంగా తిరగడం ఏంది?” అంటారు.

కొన్నాళ్లుగా ఎడమ ముందు చక్రం దగ్గర ‘టక్కు టక్కు’మని చప్పుడు. కవెంట్రీలో ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ఫోన్లో వినిపించాను. ట్రయంఫ్ కార్లు తయారైంది ఆ ఊళ్లోనే కాబట్టి వాడికి ఆ గాలి సోకింది. సెలవులకి వస్తూ ఒక సూట్‌కేసు నిండా సామాను తెచ్చాడు. రబ్బరు బుష్షుల బదులు ఎర్రటి పాలియురెథేన్ బుష్షులు, మెత్తదనం మార్చుకోవడానికి మరతో షాకబ్జర్లు, ఇంకా రెండు పొట్టి స్ప్రింగులు. చాక్లెట్ల కోసం సూట్‌కేసు చుట్టూ మూగిన పిల్లలు ఆ స్ప్రింగుల్ని చూసి ఇంట్లో శవం లేచినంత గోల చేశారు.

“మామయ్యా, ఇవి బిగిస్తే కారు ఒక అంగుళం కిందికి దిగుతుంది. మలుపుల్లో నేలని పట్టుకొని పోతుంది” అన్నాడు వాడు.

మా మేస్త్రి స్ప్రింగుని చేతిలో తిప్పి చూశాడు. “బాగుండాది బాబూ. కారు మనం దించుతాం. ఇందుకూరుపేట రోడ్డు మీద స్పీడుబ్రేకర్లు ఎవురు దించుతారు?”

దానికి కవెంట్రీ దగ్గర సమాధానం లేదు. ఇంగ్లీషువాళ్లు సస్పెన్షన్‌కి చేసే మెరుగులన్నీ, రోడ్డు అనేది ఒకటుందన్న నమ్మకం మీద చేసేవే. మలుపులో కారు ఒరక్కూడదు, బ్రేకేస్తే ముక్కు వంచకూడదు అని వాళ్ల బాధ. మైపాడు దారిలో మలుపు కన్నా ముందు గుంట వస్తుంది, గుంటలోంచి లేచేసరికి వడ్ల ట్రాక్టరు ఎదురొస్తుంది. అక్కడ బండి కొంచెం ఒరిగితేనే మనిషి బతుకుతాడు. పొట్టి స్ప్రింగులు అటక ఎక్కాయి. పాత స్ప్రింగులే ఉంచి, బుష్షులూ షాకబ్జర్లూ మాత్రం మార్చాలని తీర్మానం.

హెరాల్డ్‌లో నాకు నచ్చేది రిపేరు సుఖం. బానెట్టు ఒక్కటే కాదు, మడ్‌గార్డులూ లైట్లతో సహా ముందు ఒళ్లంతా ముక్కు మీదికి వాలిపోతుంది. చక్రం మీద దర్జాగా కూర్చుని ఇంజనుతో మాట్లాడొచ్చు. దారిన పోయేవాళ్లు మాత్రం కారు రెండు ముక్కలైందనుకుని ఆగి పలకరిస్తారు. “ఎవరికీ ఏం కాలేదు గదా?” అని ఒకాయన నిజంగానే కంగారుపడ్డాడు.

సుఖం అక్కడితో సరి. కింద ఆర్మ్‌లో ఒక పొడుగాటి బోల్టు ఉంది. ఈ కారు నా దగ్గరికి రాకముందు ముత్తుకూరులో సముద్రపు గాలి పీలుస్తూ బతికింది. ఆ ఉప్పుకి బోల్టు తుప్పుపట్టి, బుష్షు లోపలి స్టీలు గొట్టంతో కలిసి ఏకశిల అయిపోయింది. డీజిలు పోశారు, గ్యాసుతో కాల్చారు, సమ్మెటతో కొట్టారు. మేస్త్రి దాని ఏడు తరాలనీ తలచుకున్నాడు. కదల్లేదు. వండలూరులో బిగించిన బోల్టు కదా, ఒకసారి తమిళంలో తిట్టి చూడమన్నాను. చివరికి హ్యాక్సా బ్లేడుతో రెండువైపులా కోస్తే ఊడొచ్చింది.

చప్పుడు చేస్తున్న దొంగ అప్పుడు దొరికాడు. చక్రాన్ని మోసే నిలువు లింకు అడుగున మరలుంటాయి. అవి ట్రనియన్ అనే పచ్చటి లోహపు దిమ్మలోకి దిగి ఉంటాయి. మన లేత్ షాపువాళ్లయితే గన్‌మెటల్ అనేస్తారు. స్టీరింగు తిప్పినప్పుడల్లా లింకు ఆ మరల్లోనే తిరుగుతుంది, ఆ మూల బరువూ ఆ మరల మీదే ఉంటుంది. దీనికి పెట్టాల్సింది గ్రీజు కాదు, గేరు నూనె అని ట్రయంఫ్ వాళ్లు మొత్తుకున్నారు. మన మేస్త్రీలు తొంభై ఆయిలు అనేది అదే. గ్రీజు మరల సందుల్లోకి సరిగా దిగదు, నిప్పుల్ దగ్గరే గట్టిపడి కూర్చుంటుంది. లోపల నీళ్లు చేరి లింకుని తింటాయి. అదీ వంద స్పీడులో విరగదు. ఇంటి గేటు ముందు, స్టీరింగు పూర్తిగా తిప్పి రివర్సు చేసుకుంటుంటే పుటుక్కుమంటుంది. చక్రం పక్కకి పడుకుంటుంది, కారు ముక్కు నేలకి ఆనుతుంది, ఎదురింటివాళ్లు బాల్కనీలోకి వస్తారు.

మా దిమ్మలో గ్రీజు గానుగపిండిలా ఎండిపోయి, పుల్లతో గీకితే పెళ్లలుగా రాలింది. అయినా మేస్త్రి ఒప్పుకోడు.

“నూనె పోస్తే కారిపోద్ది సార్.”

“కారితే మళ్లీ పొయ్యి.”

“అదేమన్నా దేవుడి కాడ దీపమా సార్, అస్తమానం నూనె పొయ్యడానికి?”

కొత్త దిమ్మలు మేనల్లుడి సూట్‌కేసులో లేవు. పాత కార్ల సామానుకి మనకి కాశీ మద్రాసు పుదుప్పేటే. పినాకినీ ఎక్కి వెళ్లాను. కుడి దిమ్మకీ ఎడమ దిమ్మకీ మరలు ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి. దుకాణదారు రెండూ ఎడమవే తీసి, “ఒకటి తిరగేసి పెట్టుకోండి” అన్నాడు. తిరగేసినంత మాత్రాన మర దిక్కు మారదని నేను, మారుతుందని అతను. టీ తాగాక కుడిది కూడా దొరికింది. అతను ఓడిపోయినట్టు మొహం పెట్టి, ధర మాత్రం గెలిచినవాడిలా చెప్పాడు.

బిగింపు అయ్యాక చక్రాల అలైన్‌మెంటుకి ఒక కంప్యూటర్ షాపుకి వెళ్లాం. తెర మీద ఎన్ని కార్ల పేర్లు తిప్పినా హెరాల్డ్ లేదు. “దగ్గరి మోడల్ ఏదన్నా పెట్టమంటారా సార్?” అన్నాడు కుర్రాడు. స్పిట్‌ఫైర్ ఉందేమో చూడమన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. మేస్త్రి నన్ను బయటికి లాక్కొచ్చి, వెనక చక్రాల నుంచి ముందుకి నూలు దారం కట్టి, స్కేలుతో కొలిచి సరిచేశాడు.

ఆ ఆదివారం మైపాడు వెళ్లాం. నేనూ మా ఆవిడా ముందు, కావలి నుంచి వచ్చిన మా అక్కయ్య వెనక. షాకబ్జర్లని మెత్తటి వైపుకి తిప్పి ఉంచాను. స్టీరింగు వేలితో తిరుగుతోంది. గుంటల్లో దిగినా చప్పుడు లేదు. మలుపు తిప్పితే ముక్కు చెప్పినమాట వింటోంది. ఒక విషయం మాత్రం అక్కయ్యకి చెప్పలేదు. హెరాల్డ్ వెనక భాగం సంగతి వేరు. అక్కడ రెండు చక్రాలకీ కలిపి అడ్డంగా ఒకటే కమాన్ కట్ట. మలుపులో వేగంగా పోతూ ఠక్కున కాలు తీసేస్తే వెనక చక్రాలు లోపలికి ముడుచుకుని ఒళ్లు పైకి లేస్తుంది. ఒక గేదె అడ్డొచ్చినప్పుడు నేను కాలు తీశాను. వెనక నుంచి “వెంకటేశా!” అని వినిపించింది. నా పేరు అది కాదు.

మా ఆవిడ ఏమీ అనలేదు. బీచి దగ్గర దిగాక కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, “ముందు చాలా బాగుందండీ. ఇకమీదట మా నాన్నొస్తే ముందు కూర్చోబెడదాం” అంది.

“మరి నువ్వు?”

“నేను ఇంట్లో ఉంటాను. వెనక సీటు మీ వాళ్లకే ఉంచండి.”