ప్రతిజ్ఞ అయ్యాక టీ

మే 31, పొగాకు వ్యతిరేక దినం ప్రతిజ్ఞలు దిగ్విజయంగా ముగిశాయి. కుడిచెయ్యి చాచిన అధికారులు, వెనక ఫ్లెక్సీ, ఫ్లెక్సీలో వాళ్ళకన్నా పెద్దగా మంత్రిగారు, ఓ మూల నల్లబడ్డ ఊపిరితిత్తులు. పొగాకు ముట్టనని గొంతెత్తి చెప్పినవాళ్ళలో చాలామందికి ఆ అలవాటే లేదు. ఉన్నవాళ్ళు ఫొటో అయ్యేదాకా ఓపికపట్టారు, అదీ త్యాగమే. ఆ తర్వాత అందరూ గేటు పక్క టీకొట్టు దగ్గర తేలారు.

సర్కారు ఘనకార్యాల్లో నాకు మరీ నచ్చింది సిగరెట్టు పెట్టె మీది బొమ్మ. హెచ్చరిక పెట్టెలో 85 శాతం ఉండాలన్న నిబంధనను 2016లో అమల్లోకి తెచ్చారు. 2018లో, మానేవాళ్ళకు సాయం చేసే టోల్‌ఫ్రీ నంబరూ చేర్చారు. భేష్. కానీ మన వీధి చివర పెట్టె కొనేదెవరు? “అన్నా, ఒకటియ్యి” అంటాం. అన్న ఒకటి తీసిస్తాడు. పెట్టె అక్కడే, బొమ్మ అక్కడే, నంబరూ అక్కడే. అంటే పొద్దుణ్నుంచి రాత్రిదాకా ఆ హెచ్చరికను చూస్తూ కూర్చునేది పాన్‌డబ్బా ఆయన ఒక్కడే. మా వీధిలో ఆయనైతే అసలు సిగరెట్టే తాగడు.

ఇంటర్ కుర్రాడి జేబులో పెట్టెకు సరిపడా డబ్బుండదు. ఒక్కదానికి చిల్లర ఉంటుంది. మానేసి మూడోరోజు చిరాకుతో రోడ్డెక్కినవాడికీ ఆ చిల్లరే చాలు. మహారాష్ట్ర 2020లోనే విడి అమ్మకాన్ని నిషేధించింది. మనం చేతులు చాచాం.

ఇక వేళాకోళం చాలు. మానలేనివాడికి “మనోబలం లేదు” అని తీర్పిచ్చే పెద్దమనుషులను చూస్తే నాకు ఒళ్ళు మంట. పీల్చిన క్షణాల్లో నికోటిన్ మెదడుకెక్కుతుంది. ఏళ్ళ తరబడి దానికి మరిగిన మెదడు మీ నినాదం వింటుందా? షుగరు రోగి చేత ప్రతిజ్ఞ చేయించి మందులు మాన్పిస్తారా? మానేవాడికి కావలసింది విసుక్కోకుండా మాట్లాడే డాక్టరు, నికోటిన్ గమ్మో మాత్రలో, మళ్ళీ జారినా తిట్టకుండా పలకరించే మనిషి.

బహిరంగంగా తాగితే కేంద్ర చట్టంలో జరిమానా రెండొందలు మించదు. నిషేధించిన గుట్కా ఎక్కడ దొరుకుతుందో ఊళ్ళో పిల్లాడినడిగినా చెబుతాడు. గుంటూరులో పొగాకు బోర్డు నడిపేదీ కేంద్ర ప్రభుత్వమే. దేశంలోకెల్లా పెద్ద సిగరెట్ల కంపెనీలో ప్రభుత్వ ఎల్‌ఐసీకీ వాటా ఉంది. డివిడెండు వాళ్ళకు, మనోబలం మనకు!

వచ్చే ఏడు ఫ్లెక్సీలు మానండి. ఆ డబ్బుతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నికోటిన్ గమ్ పెట్టండి. ఈలోగా మానాలనుకునేవాళ్ళు 1800-11-2356కు ఫోన్ చేయండి. మన దగ్గర విడి సిగరెట్టు మీద అచ్చేయరు కనక ఇక్కడ వేశాను.