బావగారి సందేశం: టీకా తాత్పర్య విశేష సహితం

మూలం: "బామ్మర్దీ! మెమోరియల్ డేకి కీస్ వెళ్తున్నాం. టెంటు సైటు బుక్ అయిపోయింది. నీళ్లు వెచ్చగా ఉంటాయి. బోటు నేనే నడుపుతా. చేపలు పట్టి అక్కడే వండుకుందాం. మీరేం తేవద్దు."

అవతారిక: కర్త టాంపాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, జననం 1984. కృతిపతి అట్లాంటాలో కాపురముండే ఆయన బావమరిది, జననం 1991. ఈ సంవత్సరాలతో ముందుముందు పని పడుతుంది. కర్త తల్లిగారు కాకినాడ నుంచి చుట్టపుచూపుగా వచ్చి ఉన్నారు. చేప సంగతుల్లో ఆవిడ మాటే ప్రమాణం. కాళిదాసుకు 'సంజీవని' రాసిన కోలాచల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని నియమం పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాతకు ఆ నియమం కుదరదు. ఈ మూలంలో ఉన్నదానికంటే దాచిందే ఎక్కువ.

"కీస్ వెళ్తున్నాం". కీస్ అంటే ఫ్లోరిడా కొసన నైరుతికి వంగిన దీవుల వరస. వాటిని కలిపే సముద్రపు రోడ్డు 113 మైళ్లు, దానిమీద 42 వంతెనలు. ఇక్కడ ఇంటి చిరునామాకూ హోటల్ చిరునామాకూ మైలురాయే గుర్తు. కీ వెస్ట్ సున్నా, మనవాళ్లు దిగిన బహియా హోండా పార్కు 37. మొదట హెన్రీ ఫ్లాగ్లర్ 1912లో కీ వెస్ట్ దాకా రైలు నడిపించాడు. 1935 తుఫాను ఆ పట్టాలను ఊడ్చుకుపోయింది. మిగిలిన వంతెనలనే రోడ్డుగా మలిచి 1938లో తెరిచారు. బహియా హోండా ఇనప వంతెన లోపలి వెడల్పు రైలుకే సరి, రెండు వరసల కార్లకు చాలదు. అందుకని ఇంజనీర్లు రోడ్డును తీసుకెళ్లి ఆ వంతెన నెత్తిన వేశారు. పార్కులో నిలబడి చూస్తే ఆ పాత వంతెన ఇప్పటికీ కనిపిస్తుంది, మధ్యలో ఒక ముక్క లేకుండా. దారిలో తగిలే సెవెన్ మైల్ బ్రిడ్జి, అంటే 1982 నాటి కొత్తది, నిజానికి 6.79 మైళ్లు. అలంకారం అతిశయోక్తి.

"బుక్ అయిపోయింది". ఎవరో దారినపోతూ చేసిపెట్టినట్టుంది క్రియ. 2024 నుంచి ఫ్లోరిడా స్టేట్ పార్కుల్లో సొంత రాష్ట్రంవాళ్లు 11 నెలల ముందు, బయటివాళ్లు 10 నెలల ముందు సైటు పట్టుకోవచ్చు. మెమోరియల్ డే మే ఆఖరి సోమవారం కాబట్టి, ఈ భూతకాలపు క్రియ కిందటి జూన్‌ది. పరీక్ష ఫలితాల రోజు పిల్లాడిలా కర్త కంప్యూటర్ ముందు కూర్చున్న పొద్దు అది. "టెంటు" అన్న పదానికి సుత్తిని అధ్యాహారం చేసుకోవాలి. ఇక్కడ గట్టి పగడపు రాతినేల మేకును ఓ పట్టాన దిగనివ్వదు. నుసుముల సంగతి సరేసరి. అవి మామూలు దోమతెర కన్నాల్లోంచి హాయిగా లోపలికి వచ్చేస్తాయి.

"నీళ్లు వెచ్చగా". మే నెలలో ఈ మాట అక్షరాలా నిజం, పిల్లలు నీళ్లలోంచి బయటికి రారు. అయితే ఈ విశేషణానికి ఇంకో అర్థమూ ఉంది. 2023 జులై 24న కీస్ పైకొసన మనాటీ బేలోని కొలత పరికరం 101.1 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 38.4 సెల్సియస్ చూపించింది. మనిషికైతే దాన్ని జ్వరమంటారు. ఆ వేసవిలో పగడాలు తెల్లబడిపోయాయి. సముద్రంలో వాటిని పెంచుతున్నవాళ్లు ఉన్నవాటిని కోసి తెచ్చి ఒడ్డున తొట్లలో దాచారు.

"బోటు నేనే నడుపుతా". పూర్వపక్షం: బావమరిది చిన్నవాడు, చురుకైనవాడు, ఈత వచ్చినవాడు. అతనే నడపకూడదా? సమాధానం: సొంత పూచీ మీద కూడదు. 1988 జనవరి 1న గాని ఆ తర్వాత గాని పుట్టినవాళ్లు 10 హార్స్‌పవర్, ఆపై ఇంజను పడవను తమ పూచీ మీద నడపాలంటే ఫ్లోరిడా చట్టం ప్రకారం చదువుకుని పరీక్ష రాసి కార్డు తెచ్చుకోవాలి. అంతకు ముందు పుట్టినవాళ్లకు ఏ పరీక్షా లేదు. కాబట్టి "నేనే" అన్న ఏవకారం ప్రతిభను చెప్పదు, పుట్టిన తేదీని చెబుతుంది.

ఇక్కడే కథ చిక్కన. కీస్ నీళ్లు లోతుగా కనిపించవు, చాలాచోట్ల లోతుగా ఉండవు కూడా. రంగును బట్టి చదువుకోవాలి: నీలమైతే లోతు, ఆకుపచ్చైతే జాగ్రత్త, తెలుపైతే ఇసుక మెట్ట, గోధుమ రంగైతే కింద గడ్డో పగడమో ఉన్నట్టు, అంటే పడవ ఆగినట్టే. కర్త నల్లకళ్లద్దాలు డ్యాష్‌బోర్డులో మరిచి వచ్చారు. ఎండ మిరుమిట్లలో అన్నీ ఒకటే వెండి రంగు. పడవ గోధుమ రంగులోకి నడిచి, మెత్తగా కూర్చుంది. ఆ సమయంలో ఇంజను హోరెత్తించి బయటపడాలని చూడటం సహజం, కానీ అది తప్పు. పంకా తిరిగినచోట సముద్రపు గడ్డి వేళ్లతో సహా తెగి, మానడానికి ఏళ్లు పట్టే చాలు పడుతుంది. 1990లో ఏర్పడిన ఇక్కడి సముద్ర అభయారణ్యంలో దానికి జరిమానా కూడా ఉంది. చేయవలసింది ఇంజను ఆపి, పైకెత్తి, పోటు కోసం కూర్చోవడం. కూర్చున్నారు. ఆ సేపట్లో పెద్దావిడ పిల్లలకు రామాయణం వారధి దాకా చెప్పారు.

"చేపలు పట్టి". ఈ రెండు పదాలకు ఎంత వ్యాఖ్య రాసినా చాలదు. ముందు లైసెన్సు. ఫ్లోరిడావాసికి ఉప్పునీటి లైసెన్సు ఏడాదికి 17 డాలర్లు. జార్జియా బావమరిదికి అదే 17 డాలర్లకు మూడు రోజులు. 16 ఏళ్లలోపు పిల్లలకు అక్కర్లేదు. 65 దాటినవాళ్లకూ అక్కర్లేదు, కానీ అది రాష్ట్రవాసులకే. కాబట్టి ఉప్పుటేరు గట్టున పెరిగిన పెద్దావిడ లైసెన్సు లేకుండా గాలం ముట్టుకుంటే తప్పు, మనవడు ముట్టుకుంటే ముద్దు.

ఎరకు బతికిన రొయ్యలు కొన్నారు. బకెట్టులోకి తొంగి చూసి పెద్దావిడ, "ఓరి నాయనా, ఇగురెట్టుకునే రొయ్యల్ని నీళ్లల్లో పారేస్తార్రా?" అన్నారు. శాస్త్రసమ్మతమైన ఆక్షేపణే. ఎందుకంటే వాటిలో సగం పిన్‌ఫిష్ అనే అరచేతిలో పట్టే ముళ్ల చేప నంజుకుపోయింది. వంజరం దొరకదా అని ఆవిడ అడిగారు. దాని దాయాది స్పానిష్ మాకరెల్ ఇక్కడికి చలికాలపు చుట్టం, మే వచ్చేసరికి ఉత్తరానికి వెళ్లిపోతుంది.

వంతెన కింద ఉన్నది టార్పన్. వేసవి మొదట్లో ఇక్కడికి మందలుగా వస్తుంది, మనిషంత పొడవు పెరుగుతుంది, పైకొచ్చి గాలి మింగుతుంది, గాలానికి తగిలితే వెండి పలకలా ఎగురుతుంది. పట్టవచ్చు, తినడానికి మాత్రం ఉంచుకోకూడదు. 40 అంగుళాలు దాటినదాన్ని నీళ్లలోంచి పైకెత్తకూడదు కూడా. బావమరిదికి ఒకటి తగిలి, నాలుగుసార్లు ఎగిరి, దారం తెంపుకుని పోయింది. ఆ రాత్రికి అది ఆరడుగులైంది.

పెద్ద బారకుడా పడితే పులుసే అనుకున్నారు. అదీ కుదరదు. పగడాల దగ్గరి సూక్ష్మజీవుల విషం చిన్న చేపల్లోంచి పెద్దవాటికి చేరి సిగ్వటేరా అనే జబ్బు తెస్తుంది. ఆ విషం ఎంత మరిగించినా చావదు. జబ్బు పడ్డవాళ్లలో కొందరికి చన్నీళ్లు ముట్టుకుంటే చుర్రుమంటుంది. చివరికి ధర్మబద్ధంగా మిగిలింది మడ స్నాపర్: మూతి మూసి, తోక నొక్కి కొలిస్తే 10 అంగుళాలు ఉండాలి, మనిషికి రోజుకు ఐదు. పడవలోనే తల తీసి శుభ్రం చేద్దామని పెద్దావిడ కత్తి అందుకుంటే వారించారు. ఒడ్డుకు చేరేదాకా చేప నిండుగా ఉండాలని చట్టం. కొలతకు నిలిచినవి మూడు. తినేవాళ్లు తొమ్మిదిమంది.

"మీరేం తేవద్దు". పాఠాంతరం ఉంది. కర్త సతీమణి తమ్ముడికి విడిగా పంపిన ప్రతిలో ఇలా కనిపిస్తుంది: "ఒరేయ్, మీ బావ మాట పట్టుకోకు. కుక్కరు, చింతపండు, ఆవకాయ, రెండు ప్యాకెట్లు రొయ్యలు పట్రా." ఈ పాఠమే సాధువని అనుభవజ్ఞుల మతం. అమెరికాకు రొయ్యలు పంపే పెద్ద దేశాల్లో ఇండియా ఒకటి, ఇండియాలో ఆంధ్రది పైచేయి. అట్లాంటా సూపర్‌మార్కెట్ నుంచి ఐస్ పెట్టెలో వచ్చిన ప్యాకెట్ వెనక్కి తిప్పి, మనవరాలి చేత 'ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా' అని చదివించుకుని, పెద్దావిడ ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్నారు. మూడు స్నాపర్లూ పిల్లలకు వేయించారు. మిగతావాళ్లు ఇగురుతో తిన్నారు, కర్త రెండుసార్లు వడ్డించుకున్నారు.