ప్రారంభోత్సవ విమానం

నీటి మీద నుంచి విమానాన్ని లేపి చూపించిన ఘనత 1910లో ఫ్రాన్సు ఇంజినీరు ఆన్రీ ఫాబ్ర్‌కు దక్కింది. దాంతో రిబ్బను కత్తిరించవచ్చని కనిపెట్టింది మాత్రం మనమే. 2010 చివర్లో అండమాన్ కోసం ‘జల్ హంస్’ అనే నీటి విమానం వచ్చింది, పోయింది. 2013లో కేరళ అష్టముడి సరస్సులో మొదలుపెడితే, వలలేసుకునే మేమెక్కడికి పోవాలని జాలరులు అడ్డం తిరిగారు. 2017 డిసెంబరులో, గుజరాత్ ఎన్నికల ప్రచారం ముగిసేరోజున ప్రధాని సబర్మతి నుంచి ధరోయి జలాశయానికి ఎగిరారు. 2020 అక్టోబరు 31న పటేల్ విగ్రహం దాకా సర్వీసే మొదలైంది. మరుసటి ఏప్రిల్‌కే ఆగింది. విమానం వాలడానికని అక్కడి కొలనులో మొసళ్లను ముందుగానే పట్టి తరలించారు. నిర్వాసితులైతే మిగిలారు, ప్రాజెక్టు మిగల్లేదు.

మన వంతు 2024 నవంబరు 9న వచ్చింది. బెజవాడ పున్నమి ఘాట్ నుంచి ముఖ్యమంత్రి శ్రీశైలం వెళ్లొచ్చారు. రెండు రోజులకే అదే విమానం కేరళలో మాట్టుపెట్టి జలాశయం మీద వాలింది, పెళ్లిళ్ల సీజన్లో బ్యాండుమేళంలాగా. మాల్దీవుల్లో నడవడం లేదా అంటారు. నడుస్తోంది, చక్కగా. అక్కడ దీవికీ దీవికీ మధ్య ఉన్నది సముద్రం; ఆర్టీసీ బస్సు కాదు. గత్యంతరం లేనిచోట అది వాహనం, ఉన్నచోట వేడుక.

శ్రీశైలం వెళ్లే నల్లమల ఘాట్ రోడ్డు బాధ తెలిసినవాళ్లు ఇక్కడ అభ్యంతరం చెబుతారు. న్యాయమే. కానీ ఈ పద్నాలుగు సీట్ల ట్విన్ ఆటర్ విమానం శివరాత్రి జనంలో ఏ మూలకొస్తుంది? రన్‌వే ఖర్చు తప్పుతుందన్న మాటా నిజమే. అయితే సిమెంటు రన్‌వే వేసవిలో ఇంకిపోదు. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. కరెంటుకీ కాలువలకీ రెండు రాష్ట్రాలూ తోడుకుంటుంటే అది ఎంతకు దిగుతుందో ఏటా చూస్తున్నదే. పైలట్ వాతావరణ శాఖతోపాటు కృష్ణా బోర్డునీ అడిగి బయల్దేరాలేమో! పైగా ఇది ప్రధానంగా పగటి వెలుతురులో, కంటిచూపుతో నడిచే విమానం. తెల్లవారుజాము అభిషేకానికి వెళ్లాలంటే ముందురోజే దిగాలి.

అందుకే ఒక మనవి. ఈసారి ప్రదర్శన నీళ్లు నిండిన నవంబరులో వద్దు, మే నెలలో పెట్టండి. మంత్రులు, అధికారులు గట్టు మీదే నిలబడి చెయ్యి ఊపవచ్చు. టికెట్టు కొన్న పద్నాలుగుమందిని ఎక్కనివ్వండి, దొరికితే.