బాబాయి టైపింగ్...

మా ఇంటి వాట్సాప్ గ్రూపు పేరు ‘మన కుటుంబం’. సభ్యులు 86 మంది. అడ్మిన్‌ని నేను. ఈ పదవికి జీతం లేదు, మర్యాద లేదు, రాజీనామా చేస్తానంటే ఒప్పుకునేవాళ్లూ లేరు. శుభలేఖలు పంచుకోవడానికీ, పిల్లల మార్కులు చూపించుకోవడానికీ పెట్టుకున్న గ్రూపు ఇది. ఇప్పుడు ఇందులో పెళ్లి ఫొటో పెట్టినా, పెళ్లికూతురి చీర రంగు చూసి ఏ పార్టీయో తేల్చేస్తున్నారు.

పొద్దున్న 5:30కి బాబాయి శుభోదయం పెడతాడు. మందారపువ్వు, దాని మీద మంచుబొట్టు, కింద ‘కోపమే మనిషికి తొలి శత్రువు’ అని అక్షరాలు. 5:34కి ఆయనే, ‘మా నాయకుణ్ణి అన్నవాడి నాలుక తెగ్గొయ్యాలి’ అంటూ ఇంకొకటి. మధ్యలో ఆ నాలుగు నిమిషాలూ ఏం చేస్తాడో తెలీదు. బహుశా కాఫీ తాగుతాడు.

ఆరింటికి మా బావ లేస్తాడు. ఆయనది అవతలి జెండా. ఎవరిది ఏ జెండానో మాత్రం నన్నడక్కండి. చెబితే ఈ కాలమ్ రాసినందుకు నాకెంత ముట్టిందో మీరు లెక్కలు కడతారు.

వీళ్ల పోట్లాటను పదేళ్లుగా చూస్తున్నవాణ్ణి కాబట్టి ఒక సంగతి కనిపెట్టాను. మొదట్లో బావ, ‘మావయ్యగారూ, మీరు చెప్పింది సరికాదేమో’ అని రాసేవాడు. తర్వాతి ఎన్నికలకు ‘గారు’ రాలిపోయింది. ఆ తర్వాత ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. నువ్వు అన్నా నాకు బెంగలేదు, ఎదుటి మనిషి ఇంకా ఎదురుగానే ఉన్నాడన్నమాట. అసలు ప్రమాదం ‘ఇలాంటివాళ్లు’ అన్నప్పుడు మొదలైంది. ఇలాంటి పేటీఎం బ్యాచ్, ఇలాంటి పచ్చ బ్యాచ్, ఇలాంటి గొర్రెలు. చెల్లెలి పెళ్లిలో కాళ్లు కడిగిన బాబాయికీ, కడిగించుకున్న అల్లుడికీ మధ్య ఇప్పుడున్న వరస ఇదే.

ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల ఫలితాల రోజుల సంగతి చెప్పక్కర్లేదు. 2019లో ‘లాక్కున్న ఎమ్మెల్యేలు 23, వచ్చిన సీట్లు 23, తేదీ మే 23, దేవుడి స్క్రిప్టు’ అన్న జోకు ఒకాయన పెడితే రెండో ఆయన మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. 2024 జూన్ 4న ‘151లో నడుమ ఉన్న 5 ఎగిరిపోయింది, 11 మిగిలింది’ అని రెండో ఆయన పెట్టాడు. ఈసారి పస్తు మొదటాయనది. దేవుడి అంకగణితం వాళ్లవాళ్ల పార్టీ గెలిచిన ఏడాది మాత్రమే పనిచేస్తుంది.

ఇక కేసులు. సోషల్ మీడియా పోస్టుల మీద కేసులు పెట్టే విషయంలో మన ప్రభుత్వాలన్నిటిదీ ఒకటే పార్టీ. ఐటీ చట్టంలో 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. అయినా పోలీసులకు సెక్షన్ల కరువు ఎప్పుడొచ్చింది కనుక? ఒక ప్రభుత్వంలో అరెస్టులు జరిగినప్పుడు మావాళ్లిద్దరిలో ఒకాయన ‘గొంతు నొక్కుతున్నారు, ఇదేనా ప్రజాస్వామ్యం?’ అని పెట్టాడు. రెండో ఆయన ‘చట్టం తన పని తాను చేసుకుపోతుంది’ అన్నాడు. ప్రభుత్వం మారింది, అరెస్టయ్యేవాళ్లు మారారు. ఓ రాత్రి నిద్రపట్టక గ్రూపులో పైకి పైకి వెళ్లి చూశాను. ఇద్దరూ డైలాగులు మార్చుకున్నారు, అంతే. అక్షరం తేడా లేదు, చివర ఉన్న మూడు ఆశ్చర్యార్థకాలతో సహా. రెండింటినీ పక్కపక్కన పెట్టి గ్రూపులో అతికించాను. ఇద్దరూ ఏకమయ్యారు. ‘అడ్మిన్ అమ్ముడుపోయాడు’ అన్నారు. చాలా ఏళ్ల తర్వాత వాళ్లు ఒక మాట మీద నిలబడటం చూసి కళ్లు చెమర్చాయి.

వాట్సాప్‌వాళ్లు కూడా తమ వంతు చూశారు. ఒకేసారి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చెయ్యకూడదని 2018లో మన దేశంలో అడ్డుకట్ట వేశారు. చేతులు మారి మారి రెండు బాణాల గుర్తు పడ్డ సరుకును ఒకసారికి ఒక్క చాట్‌కే పంపాలని 2020లో ఇంకొకటి వేశారు. బాబాయి చలించలేదు. పదిహేడు గ్రూపులకూ విడివిడిగా, కళ్లజోడు సవరించుకుంటూ, చూపుడు వేలితో పంపుతాడు. ఆ ఓపికలో సగం పెడితే ఈపాటికి విష్ణుసహస్రనామం కంఠతా వచ్చేది.

నేనూ ఊరుకోలేదు. ‘గ్రూపులో రాజకీయాలు వద్దు’ అని నిబంధన పెట్టాను. అందరూ దండం బొమ్మ పెట్టారు. గంట తర్వాత బావ పెట్టిన పోస్టు మీద నిలదీస్తే, ‘ఇది రాజకీయం కాదు, నిజం’ అన్నాడు. అడ్మిన్ తప్ప ఎవరూ రాయకుండా తాళం వేశాను. మూడో రోజున పెద్దమ్మ ఫోన్ చేసి, ‘ఏరా, ఇంట్లో ఎవరైనా పోయారా?’ అంది. తాళం తీసేశాను.

తిట్టుకోవడం మనకు జుకర్‌బర్గ్ నేర్పలేదు లెండి. కందుకూరి వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ పెట్టేనాటికే కొక్కొండ వేంకటరత్నం పంతులు ‘ఆంధ్రభాషాసంజీవని’ నడుపుతున్నారు. ఇద్దరికీ పడలేదు. వివేకవర్ధనిని వెక్కిరిస్తూ పంతులుగారు ‘హాస్యవర్ధని’ తీస్తే, సంజీవనిని ఎద్దేవా చేస్తూ వీరేశలింగం ‘హాస్యసంజీవని’ తీశారు. ఎదుటివాడి పత్రిక పేరులో సగం కొట్టేసి వాడి మీదే విసరడం! ట్రోలింగంటే అదీ. అయితే ఆ రోజుల్లో ఒక తిట్టు తిట్టాలంటే కలం ముంచాలి, సీసపు అక్షరాలు పేర్చించాలి, ప్రూఫు దిద్దాలి, తపాలా ఖర్చు పెట్టుకోవాలి. అంత చాకిరీ అయ్యేసరికి కోపంలో నీరు ఇగిరిపోయి చమత్కారం అడుగున మిగిలేది. బాబాయికి ఆ సదుపాయం లేదు. ఆయన చూపుడు వేలికీ నోటికీ మధ్య ప్రూఫ్‌రీడర్ లేడు.

మొన్న మాఘమాసంలో తెనాలిలో పెళ్లి. బంతిలో వీళ్లిద్దరికీ పక్కపక్కన విస్తళ్లు పడ్డాయి. నా గుండె దడదడలాడింది. పప్పు వడ్డించారు. బాబాయి గొంతు సవరించుకున్నాడు.

‘అల్లుడూ, షుగర్ ఎంతుంటోంది?’

‘పరగడుపున నూట అరవై, మావయ్యగారూ.’

‘మరి బూరె జోలికి పోకు.’

‘మీరు తింటున్నారుగా!’

‘నాది నూట తొంభై. ఇంక పోయేదేముంది?’ అని, వడ్డించే కుర్రాణ్ణి కేకేసి, ‘ఈ అబ్బాయికి నెయ్యి వెయ్యవయ్యా’ అన్నాడు.

మావయ్య‘గారూ’! ఎన్నాళ్లకు విన్నానో ఆ మాట.

భోజనాలయ్యాక పందిట్లో ప్లాస్టిక్ కుర్చీల్లో చేరారు, మధ్య రెండు కుర్చీలు ఖాళీ. ఇద్దరి తలలూ ఫోన్లలోకి వంగాయి. కాసేపటికి బాబాయి లేచి బావ దగ్గరికి వచ్చాడు.

‘అల్లుడూ, ఇదేదో వీడియో గ్రూపులోకి పోనంటోంది, కాస్త చూడు.’

బావ ఫోన్ అందుకున్నాడు. వీడియో తన నాయకుడి మీదే. చూశాడు. ‘స్టోరేజీ నిండిపోయింది మావయ్యగారూ’ అని, పాత శుభోదయాలు ఓ నాలుగు వందలు చెరిపేసి, వీడియో పంపించి, ఫోన్ తుడిచి ఇచ్చాడు. బాబాయి వక్కపొడి పొట్లం చేతిలో పెట్టి తన కుర్చీకి వెళ్లిపోయాడు.

నా జేబులో ఫోన్ టింగుమంది. వీడియో వచ్చేసింది. బావ వక్కపొడి నోట్లో వేసుకుని, రెండు చేతులతో టైపు చేయడం మొదలుపెట్టాడు. మళ్లీ టింగుమంది.

‘ఇలాంటివాళ్లకు ఎంత ముట్టిందో!!!’