సగం విని మొత్తం చెప్పినదాన్ని

నేనొక క్రాంకును. సైకిల్ ఎడమ వైపు పెడల్‌ను ఇరుసుతో కలిపే అల్యూమినియం ముక్కను. పొడవు 170 మిల్లీమీటర్లు. ఫ్రేమ్ వైపున్న నా ముఖం మీద స్ట్రెయిన్ గేజ్‌లు అంటించి, పైన చిన్న ప్లాస్టిక్ పెట్టె బిగించారు. నన్ను పవర్ మీటర్ అంటారు. తొక్కే మనిషి కాలి సత్తువను వాట్లలో చెప్పడం నా పని.

నిజానికి సత్తువ ఎలా ఉంటుందో నాకు తెలియదు. నాకు తెలిసింది వంగడం ఒక్కటే. పాదం పెడల్‌ను నొక్కిన ప్రతిసారీ కంటికి ఆననంత వంగుతాను. నాతో పాటే గేజ్‌లోని సన్నని లోహపు రేకు సాగుతుంది. సాగిన రేకులో విద్యుత్ నిరోధం ఇసుమంత పెరుగుతుంది. ఆ ఇసుమంతను పట్టుకునేది 19వ శతాబ్దం నాటి వీట్‌స్టోన్ బ్రిడ్జ్ అమరికే. అందులోంచి టార్క్ తేలుతుంది, టార్క్‌ను తిరిగే వేగంతో హెచ్చిస్తే వాట్లు వస్తాయి. 1980లలో జర్మనీలో ఉల్రిచ్ షోబెరర్ అనే ఇంజినీరు క్రాంకులో గేజ్‌లు పెట్టి ఈ దారి వేశాడు. ఆయన మీటర్ కుడివైపు పళ్ల చక్రం దగ్గర కూర్చుని రెండు కాళ్ల బలాన్నీ కొలిచేది. నేను ఆ వంశంలో తక్కువ ధర శాఖకు చెందినదాన్ని. ఎడమ కాలిని మాత్రమే వింటాను. విన్నదాన్ని రెండింతలు చేసి, ఇదే మొత్తమని చెబుతాను. నన్ను అలా తయారుచేశారు.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, సౌర ఫలకాల కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది. మా సైకిల్ యజమానురాలు అక్కడ తెల్లవారుజామున తొక్కుతుంది. బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, రోజులో ఆమెకంటూ మిగిలేది ఆ గంటన్నరే. నిరుడు రోడ్డు మీద జారిపడి ఎడమ మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ అయి, తొమ్మిది నెలల తర్వాత మళ్లీ సైకిల్ ఎక్కింది. ఎక్కిన మొదటి వారంలోనే చిక్కు మొదలైంది. మునుపు గుండె 150 సార్లు కొట్టుకునే జోరులో నేను 200 వాట్లు చూపేదాన్ని. ఇప్పుడు గుండె అంతే కొట్టుకుంటోంది, నేను మాత్రం 175 అంటున్నాను.

మొదట అనుమానం గుండె వేగం చెప్పే ఛాతీ పట్టీ మీదికి వెళ్లింది. దానికి పాత చరిత్ర ఉంది మరి. గుండె ప్రతి స్పందనకూ చర్మం మీదికి వచ్చే విద్యుత్ తరంగాన్ని అది పట్టుకుంటుంది. చర్మం పొడిగా ఉంటే పట్టు దొరకదు. చలికాలం ఉదయాల్లో చెమట పట్టకముందు, ఆమె వీధి మలుపు తిరక్కముందే 190 అనేది. దిగుడులో సింథటిక్ జెర్సీ గాలికి కొట్టుకుంటే ఆ స్థిర విద్యుత్తును గుండె చప్పుడనుకుని ఉలిక్కిపడేది. అంకెలు చూపే సైకిల్ కంప్యూటర్‌ను హ్యాండిల్ మీద కాక వెనక జేబులో పెట్టుకున్నప్పుడు సంకేతమే పోయేది. మనిషి ఒళ్లంతా నీళ్లే, ఆ రేడియో తరంగాలను నీళ్లు మింగేస్తాయి. ఇవన్నీ ఆమెకు అనుభవమే. అందుకే పట్టీ ఉతికింది, ఎలక్ట్రోడ్‌లను కుళాయి నీళ్లతో తడిపింది, బిళ్ల బ్యాటరీ మార్చింది. ఒకరోజు దారి పక్కన ఆగి మెడ మీద రెండు వేళ్లు పెట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టింది. 38. నాలుగుతో హెచ్చిస్తే 152. పట్టీ 153 అంటోంది. ఏ పరికరాన్ని నమ్మాలన్నా ఇలాంటి రెండో సాక్షి కావాలి. ఇంత తేలికైన పరీక్ష చేయకుండానే ఎందరో కొత్త పట్టీలు కొనేస్తారు, నాకు బాధగా ఉంటుంది.

పట్టీ నిర్దోషి అని తేలాక వేలు నా వైపు తిరిగింది. "ఈ మీటర్ పోయింది" అంది.

నాలో దోషాలు లేవని నేననను. వేడికి సాగుతాను, చలికి ముడుచుకుంటాను. ఎవరూ తొక్కకపోయినా ఆ సాగుడు కూడా గేజ్‌కు బలంలాగే అనిపిస్తుంది. కొట్టువాడు సరుకు తూచే ముందు పాసంగం చూసుకుంటాడే, నాకూ అది కావాలి. పెడల్ మీద పాదం లేనప్పుడు సున్నా ఎక్కడుందో చూపాలి. ఆమె ఏసీ గదిలోనే ఆ పని ముగించి బయటికొచ్చేది. మే నెలలో తెల్లవారుజామున కూడా బయటి గాలి గది కంటే వేడి. పదిహేను నిమిషాలు వరండాలో ఉంచి అప్పుడు సున్నా చేయాలి. ఇంకో తప్పు కూడా దొరికింది, యాప్‌లో నా పొడవు 172.5 అని నమోదైంది. దానివల్ల ఒకటిన్నర శాతం ఎక్కువే చెబుతున్నాను. రెండూ సరిచేసింది. అంకె ఇంకా తగ్గింది.

చివరికి సైకిల్ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లింది. అతను బ్యాటరీ మూత విప్పాడు. నీళ్ల చెమ్మ లేదు, తుప్పు లేదు. వెనక చక్రం కదలకుండా బ్రేకు బిగించి, నన్ను నేలకు సమాంతరంగా నిలిపి, పెడల్ ఇరుసుకు 20 కిలోల బరువు వేలాడదీశాడు. 170 మిల్లీమీటర్ల చేతికి ఆ బరువు 33 న్యూటన్ మీటర్ల పైచిలుకు టార్క్ ఇవ్వాలి. నేను సరిగ్గా అంతే చెప్పాను. నా బతుకులో అంత నిశ్చింతగా ఎప్పుడూ వంగలేదు.

"దీన్ల తప్పేం లేదక్కా, మంచిగనే ఉంది" అన్నాడు. "ట్రెయినర్ మీద ఎక్కి తొక్కు, చూద్దాం."

సైకిల్‌ను ఒకేచోట నిలిపి తొక్కించే ఆ ట్రెయినర్ యంత్రం వెనక ఇరుసు దగ్గర కొలుస్తుంది. అక్కడికి రెండు కాళ్ల బలమూ కలిసే చేరుతుంది, గొలుసులో రెండు మూడు శాతం పోయాక. కాబట్టి నేను దానికంటే కాస్త ఎక్కువ చూపాలి. పది నిమిషాలయ్యాక అది 201 అంది, నేను 176. అతను రెండు తెరల వైపూ చూసి, తర్వాత ఆమె కాళ్ల వైపు చూశాడు.

"ఎడమ కాలుకు ఏమన్న అయిందా అక్కా?"

ఆమె తొక్కడం ఆపేసింది. మోకాలి మీది మచ్చను అరచేత్తో కప్పుకుంది. నొప్పి లేదు కదా, నయమైపోయిందనుకుంది. నేను చెప్పిన 176లో సగం 88. అదే ఎడమ కాలిది, అది నిజం. గొలుసులో పోయింది కలుపుకుంటే, మిగతా 118 దాకా కుడి కాలు మోస్తోంది. ఆమెకు తెలియకుండా ఒళ్లు గాయపడ్డ కాలిని దాస్తోంది. నేను వంగిన ప్రతిసారీ అదే చెబుతూ వచ్చాను. రెండుతో హెచ్చించడంతో అది మీటర్ తప్పులా కనబడింది.

మర్నాడే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లింది. ఒంటికాలి వ్యాయామాలు మొదలయ్యాయి. రెండు వైపులా కొలిచే మీటర్ కొనమని తోటివాళ్లు అన్నారు, కొనలేదు. కంప్యూటర్ తెర మీద నా అంకె పక్కన చిన్న కాగితం ముక్క అంటించి 'ఎడమ' అని రాసుకుంది.

డిసెంబరులో మూసీ పుట్టే అనంతగిరి కొండలకు వెళ్లాం. ఎక్కుడు మొదలయ్యే చోట సైకిల్ దించి, చలిగాలిలో నన్ను కాసేపు వదిలేసి, పెడల్ మీద పాదం పెట్టకుండా సున్నా చేసింది. పట్టీని నీళ్లతో తడుపుకుంది. మలుపుల్లో ఆమె లేచి నిలబడి తొక్కినప్పుడు నా మీద పడిన బరువు గాయానికి ముందటి బరువులా తగిలింది. ఆ వారం ఇంట్లో ట్రెయినర్ 204 చూపింది. నేను 200.