మెట్లు దిగే అక్షరాలు

మా రోజుల్లో ప్రింటు చెడితే జబ్బేమిటో కాగితమే చెప్పేది. లినక్స్‌లోని టెక్స్ట్ ఫైలు నేరుగా డాట్ మ్యాట్రిక్స్‌కి పంపామా, మొదటి వరస సరిగ్గా పడేది. రెండోది మొదటిది ఆగినచోట మొదలయ్యేది, మూడోది ఇంకాస్త కుడికి. అలా మెట్లు మెట్లుగా దిగి అంచు దాటిపోయేది. యునిక్స్‌కి వరస చివర లైన్ ఫీడ్ ఒక్కటి చాలు. ప్రింటర్ హెడ్ మళ్లీ ఎడమకి రావాలంటే క్యారేజ్ రిటర్న్ కూడా కావాలి. దానికి మందు 'ఫిల్టర్' అనే నాలుగు లైన్ల షెల్ స్క్రిప్టు. ప్రింట్‌క్యాప్ ఫైల్లో 'ఐఎఫ్' దగ్గర ఆ స్క్రిప్టు పాత్ రాసేస్తే మిగతాది ప్రింటు పనులు నడిపే ఎల్పీడీ చూసుకునేది. స్క్రిప్టు 0తో ముగిస్తే పని అయినట్టు, 1 అయితే మళ్లీ పంపమని, 2 అయితే జాబు అవతల పారెయ్యమని. అంతే శాస్త్రం.

ఇప్పుడు ప్రింటింగంతా కప్స్ చేతిలోనే. 1999లో మైకేల్ స్వీట్ తెచ్చింది, 2007లో ఆపిల్ కొనుక్కుంది. మంచి సరుకే, కాదనను. కానీ ఏం జరిగినా 'ఫిల్టర్ ఫెయిల్డ్' అని ఒక్క ముక్క అనేసి ఊరుకుంటుంది. అసలు సంగతి ఎర్రర్ లాగ్‌లో ఉంటుంది, పూర్తిగా కావాలంటే లాగ్ లెవెల్ డీబగ్‌లో పెట్టాలి. ఈ కాలం పిల్లలకి అక్కడిదాకా వెళ్లే ఓపికేదీ? ప్రింటర్‌ని డిలీట్ చేసి మళ్లీ యాడ్ చేస్తారు. అప్పటికీ కదలకపోతే స్క్రిప్టుకి 777 పర్మిషన్ ఇచ్చి దణ్ణం పెడతారు. ఎవరుపడితే వాళ్లు మార్చగల ఫైల్ని నడపనని కప్స్ అప్పుడింకా మొండికేస్తుంది.

మొన్న మా ఆఫీసు కుర్రాడొచ్చాడు. "సార్, ఫిల్టర్ స్క్రిప్టు కళ్లెదురుగానే ఉంది, నడిపిస్తే లేదంటోంది."

"ఎందులో రాశావు బాబూ?"

"విండోస్‌లో సార్, నోట్‌ప్యాడ్‌లో."

దాగిన అక్షరాలు చూపించే 'క్యాట్ మైనస్ ఏ' కొట్టించాను. మొదటి లైను చివర, డాలర్ గుర్తుకి ముందు, టోపీ పెట్టుకున్న ఎమ్ దర్జాగా కూర్చునుంది. అదే క్యారేజ్ రిటర్న్! ఒకప్పుడు కావాలని తగిలించినది ఇప్పుడు పిలవకుండా వచ్చి చేరింది. దాంతో కెర్నల్ ఆ లైనులో రాసిన 'ఎస్‌హెచ్' కోసం కాకుండా, తోకలో ఆ కనపడని అక్షరమున్న ఇంకేదో ప్రోగ్రాం కోసం వెతుకుతోంది. లేనిది లేదనక ఏమంటుంది? దాన్ని తీసేసే డాస్‌టుయునిక్స్ కొట్టాక లేచింది. లేచినా వట్టి కాగితమే వచ్చింది. ప్రింటు చెయ్యాల్సిన ఫైలు పేరు ఎప్పుడూ ఆరో ఆర్గ్యుమెంటుగా వస్తుందనుకుని రాశాడు మహానుభావుడు. అది రాకపోతే స్టాండర్డ్ ఇన్‌పుట్ చదవాలని మాన్యువల్లో ఉంది. మాన్యువల్ చదివే ఆచారం మా తరంతోనే పోయింది.

రాబోయే కప్స్ 3లో ఇలాంటి ఫిల్టర్లతో నడిచే పాతకాలపు డ్రైవర్లకి చోటే లేదట. ప్రింటరే ఐపీపీ అనే ప్రింటింగ్ భాష మాట్లాడాలి, రాకపోతే దాని తరఫున 'ప్రింటర్ అప్లికేషన్' అని ఇంకో ప్రోగ్రాం మాట్లాడాలి. ప్రింటర్ వివరాలుండే పీపీడీ ఫైల్లో దొంగ కమాండ్ దూర్చి ఫిల్టర్ చేత నడిపించే లోపం 2024లో బయటపడింది కాబట్టి కప్స్ వాళ్ల భయమూ ఉత్తది కాదు. అయినా నాలుగు లైన్ల పనికి ఓ సర్వర్ నడపాలా, నాయనా?